ఆటోనగర్‌లో కట్టించిన హోస్ విమానం ఇంజన్‌కి పెట్టొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది. మిగతావాళ్లకీ అర్థమయ్యేలా ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. నీది గాజువాక. బయట ఊళ్లో ఒక ఫ్లయింగ్ స్కూల్లో టెక్నీషియన్‌గా చేస్తూ ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్) లైసెన్స్ పేపర్లు రాస్తున్నావు. మీ స్కూలు సెస్నా 172ఎస్‌లో ఆయిల్ కూలర్‌కి వెళ్లే హోస్ (వంగే గొట్టం) దగ్గర నూనె చెమ్మ కనిపించింది. కొత్తది విదేశం నుంచి రావాలి, వారాలు పడుతుందన్నారు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు, ఆటోనగర్‌లో హైడ్రాలిక్ హోస్‌ల షాపు నడిపే మీ మావయ్య నీ ఫోన్లో ఫోటో చూసి, "ఇదేం పెద్ద పనిరా, అరగంటలో కట్టిచ్చేస్తాను, 275 బార్ తట్టుకుంటుంది" అన్నాడు. అది పెట్టొచ్చా? రబ్బరు మంచిదా, టెఫ్లాన్ మంచిదా? బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి? ఇవీ నీ ప్రశ్నలు.

నేను నేవీలో విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి, తరువాత చిన్న విమానాల పిస్టన్ ఇంజన్ల మీద పనిచేసినవాణ్ణి. ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాను. మీ మావయ్య చేతి పని మీద నాకే అనుమానమూ లేదు. పోర్టు క్రేన్లూ, జేసీబీలూ ఆ షాపుల మీద ఆధారపడే నడుస్తున్నాయి. అయినా ఆ హోస్ మీ విమానానికి పెట్టకూడదు.

మావయ్య చెప్పిన 275 బార్ అబద్ధం కాదు. అర అంగుళం ఆర్2 రకం హైడ్రాలిక్ హోస్‌కి ఉండే రేటింగే అది. మరి మీ లైకమింగ్ ఐఓ-360 ఇంజన్‌లో ఆయిల్ ప్రెజర్ ఎంత? గేజ్ మీద ఆకుపచ్చ గీత 50 నుంచి 90 పీఎస్ఐ వరకు ఉంటుంది, ఎర్ర గీత 115 దగ్గర. అంటే గట్టిగా లెక్కేసినా 8 బార్. ఆ ప్రెజర్ ఏ హోస్ అయినా తట్టుకుంటుంది. చిన్న విమానాల్లో హోస్‌లు పాడయ్యేది ప్రెజర్ వల్ల చాలా అరుదు. వేడి వల్ల, వయసు వల్ల, రాపిడి వల్ల పాడవుతాయి. కాబట్టి "ఎంత ప్రెజర్ తట్టుకుంటుంది" అన్న ప్రశ్నతో మొదలుపెడితే మనం మొదట్లోనే దారి తప్పినట్టు.

వేడి సంగతి చూడు. ఆర్1, ఆర్2 హోస్‌లకి మామూలుగా రాసి ఉండే పరిమితి 100 డిగ్రీల సెల్సియస్. మీ ఇంజన్‌లో ఆయిల్ టెంపరేచర్ ఎర్ర గీత 245 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 118 సెల్సియస్. ఇది లోపల పారే నూనె వేడి మాత్రమే. బయటి నుంచి ఎగ్జాస్ట్ పైపుల వేడి వేరే కొడుతుంది. ఇంజన్ ఆపేశాక, కౌలింగ్ (ఇంజన్ మీది కప్పు) మూసి ఉండి గాలి ఆడని ఆ అరగంటలో లోపల వేడి ఇంకా పెరుగుతుంది. మే నెలలో రన్‌వే పక్కన ఎండలో నిలబెట్టిన విమానం సంగతి నేను చెప్పక్కర్లేదు. అలా రోజుకి నాలుగైదు సార్టీలు తిరిగితే మామూలు నైట్రైల్ రబ్బరు బిగుసుకుపోయి, వంచితే లోపల చిట్లే స్థితికి వస్తుంది. పైకి మాత్రం నల్లగా, కొత్తదానిలాగే కనిపిస్తుంది.

ఇంకో ప్రశ్న మంట. ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్యనుండే అడ్డుగోడ ఫైర్‌వాల్. దానికి ముందున్న భాగాన్ని ఫైర్ జోన్ అంటారు. అక్కడ పెట్రోలో, ఇంజన్ ఆయిలో పారే ప్రతి గొట్టమూ మంటకి తట్టుకునేది అయి ఉండాలని విమానం డిజైన్ నిబంధనల్లోనే ఉంది. పరీక్ష ఎలా చేస్తారంటే, హోస్‌లో నూనె పారిస్తూ, దాన్ని వణికిస్తూ, 2000 డిగ్రీల ఫారన్‌హీట్ మంట 5 నిమిషాలు పెడతారు. అంతసేపూ లీకు రాకూడదు. ఆకాశంలో ఇంజన్ దగ్గర మంట వస్తే, పైలట్ పెట్రోలు కట్ చేసి, కిందికి దిగడానికి ఒక చోటు వెతుక్కునే సమయం ఆ 5 నిమిషాలే. రోడ్డు పక్కన ఆగిపోయే జేసీబీకి ఈ బాధ లేదు, అందుకే దాని హోస్‌ని అలా పరీక్షించరు.

అసలు ప్రమాదం ఏమిటంటే, మావయ్య కట్టిన హోస్ చక్కగా పట్టేస్తుంది. హైడ్రాలిక్స్‌లో వాడే జేఐసీ ఫిట్టింగ్‌కీ, విమానాల ఏఎన్ ఫిట్టింగ్‌కీ కోన్ యాంగిల్ 37 డిగ్రీలే. మర సైజు కూడా ఒకటే, డాష్ 8 అనే సైజు అయితే రెండింటికీ ముప్పావు అంగుళం, అంగుళానికి 16 మరలు. చేత్తో తిప్పితే సాఫీగా ఎక్కుతుంది. కానీ మర ఎంత ఖచ్చితంగా కోశారు, ఏ లోహం, ఏ పూత అన్న విషయాల్లో రెండూ వేరు. "పట్టింది కదా" అనే మాట హ్యాంగర్‌లో ఎవరైనా అంటే నేను వెంటనే పార్ట్ నంబరు అడుగుతాను. ఇక కార్లకి వాడే 45 డిగ్రీల ఫ్లేర్ ఫిట్టింగ్ అయితే ఇంకా మోసం. అది కూడా కొన్ని సైజుల్లో మర ఎక్కుతుంది, కానీ కోన్ ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. మొదటి రోజు లీకు ఉండదు. కొంతకాలం వైబ్రేషన్ తిన్నాక వస్తుంది.

సైజులో కూడా ఒక తిరకాసు ఉంది. డాష్ నంబరు అంటే అంగుళంలో పదహారో వంతులని అందరూ చదువుకుంటారు. విమానాల్లో వాడే మీడియం ప్రెజర్ రబ్బరు హోస్‌కి ఆ నంబరు, దానికి సరిపోయే లోహపు ట్యూబు బయటి కొలతని చెబుతుంది. అందుకని డాష్ 8 హోస్ లోపలి కంత అర అంగుళం ఉండదు, 13/32 ఉంటుంది. డాష్ 4 అయితే 3/16, డాష్ 6 అయితే 5/16. హైడ్రాలిక్ షాపులో డాష్ 8 అడిగితే నిజంగానే అర అంగుళం ఇస్తారు. వెర్నియర్‌తో హోస్ బయటి మందం కొలిచి ఆర్డర్ పెట్టే అలవాటు మీ స్కూల్లో ఎవరికైనా ఉంటే మాన్పించు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే, అయినా ఒక మాట. హోస్‌తో పాటు, అది విమానానికి పనికొస్తుందని ధృవీకరించే కాగితం, అంటే మన డీజీసీఏ వాళ్ల సీఏ ఫారం 1 గానీ, అమెరికా ఎఫ్ఏఏ 8130-3 గానీ, యూరప్ ఈఏఎస్ఏ ఫారం 1 గానీ రావాలి. ఆ కాగితం లేని హోస్ బిగించిన విమానాన్ని ఏ ఏఎంఈ సంతకం పెట్టి ఎగరడానికి రిలీజ్ చేసినా లైసెన్స్ పణంగా పెట్టినట్టే. రేపు ఆ సంతకం నీది కాబోతోంది. సొంత వర్క్‌షాపులో హోస్ కట్టుకోవడం పూర్తిగా నిషేధం కూడా కాదు. మీ సంస్థకి కార్ 145 (మెయింటెనెన్స్ సంస్థలకి డీజీసీఏ పెట్టిన నిబంధన) ఆమోదం ఉండి, ఏయే భాగాలు సొంతంగా తయారుచేసుకోవచ్చో, ఎలా చేయాలో మీ ఎక్స్‌పోజిషన్‌లో (సంస్థ పనిపద్ధతుల పుస్తకంలో) రాసి ఉంటే, ఆమోదించిన డేటా ప్రకారం, ఆమోదించిన ముడిసరుకుతో, మీ పనికోసం కట్టుకోవచ్చు. మావయ్య షాపు ఆ పరిధిలోకి రాదు.

ఇక రబ్బరా, టెఫ్లానా. నా ఓటు టెఫ్లాన్‌కే, అదీ ఫైర్ స్లీవ్ (మంట నుంచి కాపాడే తొడుగు) దాని మీదే ఫ్యాక్టరీలో అచ్చుపోసి వచ్చే రెడీమేడ్ అసెంబ్లీకి. ఎందుకంటే టెఫ్లాన్ గొట్టం దాదాపు 230 సెల్సియస్ వరకు నిబ్బరంగా ఉంటుంది, పెట్రోలుకీ నూనెకీ చెక్కుచెదరదు, రబ్బరులా ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోదు. 172 రకం విమానాల మాన్యువల్‌లో సెస్నా పెట్టిన రబ్బరు హోస్‌లకి 5 ఏళ్లు లేదా ఇంజన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం), టెఫ్లాన్ వాటికి 10 ఏళ్లు లేదా ఓవర్‌హాల్, ఏది ముందైతే అది అని గడువు కనిపిస్తుంది. మీ విమానం సీరియల్‌కి వర్తించే తాజా రివిజన్ తెరిచి ఆ లైను నీ కళ్లతో చూసుకో. ఇంజన్ తయారీదారు అమర్చిన హోస్‌లకి లైకమింగ్ బులెటిన్లు వేరే ఉంటాయి. వాటినీ సెస్నా హోస్‌లనీ ఒకే లిస్టులో కలిపేసి గడువు వేయడం చాలా లాగ్‌బుక్కుల్లో చూశాను.

ఆర్డర్ పెట్టేటప్పుడు టీఎస్ఓ సి53ఏ అనే ప్రమాణం పేరు వినిపిస్తుంది. దాంట్లో ఏ, బీ, సీ, డీ అని నాలుగు టైపులున్నాయి. ఏ, బీ టైపులు మంటకి తట్టుకునేవి కావు. సీ, డీ తట్టుకుంటాయి. డీ టైపు ఎక్కువ టెంపరేచర్‌కి కూడా పనికొస్తుంది. ఆయిల్ కూలర్ దగ్గర డీ టైపే ఎందుకు అడగాలో పైపర్ విమానాల చరిత్ర చెబుతుంది. పీఏ-28 కుటుంబంలో ఆయిల్ కూలర్ హోస్‌లు చిట్లుతున్నాయని అమెరికా ఎఫ్ఏఏ 95-26-13 నంబరుతో ఒక ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ (తప్పనిసరిగా పాటించాల్సిన భద్రతా ఆదేశం) ఇచ్చింది. ప్రతి 100 గంటలకీ తనిఖీ చేయాలి, 8 ఏళ్లకో 1000 గంటలకో మార్చాలి. డీ టైపు హోస్ వేసుకుంటే ఆ బాధ తప్పుతుంది. మీది సెస్నా, ఆ డైరెక్టివ్ మీకు వర్తించదు. కానీ వేడి నూనె, ఎగ్జాస్ట్ పక్కన హోస్ అన్న పరిస్థితి రెండు చోట్లా ఒకటే.

రబ్బరు హోస్ ఉన్నచోట టెఫ్లాన్ పెట్టాలంటే పార్ట్స్ కేటలాగ్‌లో దాని బదులు వాడదగ్గ నంబరుందా చూడాలి. లేకపోతే మీ కేమోని (విమానం ఎగరదగ్గ స్థితిలో ఉందా అని చూసుకునే విభాగాన్ని) అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. "ఇది ఇంకా మంచిదే కదా సార్" అనేది ఆమోదం కాదు.

టెఫ్లాన్‌కి బలహీనతలూ ఉన్నాయి. బాగా ముడుచుకునేలా వంచితే లోపల మడత పడుతుంది, ఆ మడత మళ్లీ పోదు. కొంతకాలం ఒక వంపులో వేడికి ఉన్న టెఫ్లాన్ హోస్ ఆ ఆకారానికే అలవాటు పడుతుంది. దాన్ని తీసినప్పుడు సాగదీసి సరిచేయకూడదు. పక్కన ఏదో పనికోసం హోస్ విప్పి, అడ్డంగా ఉందని పక్కకి వంచి తాడుతో కట్టేసే కుర్రాళ్లని చూస్తే నాకు కోపమొస్తుంది. మళ్లీ పెట్టాల్సిన హోస్‌ని దాని వంపులోనే ఉంచాలి, అవసరమైతే రెండు చివర్లకీ సన్నటి తీగ కట్టి ఆకారం చెదరకుండా చూడాలి. కొనేటప్పుడు ఇంకొకటి అడగాలి. పెట్రోలు పారే టెఫ్లాన్ హోస్ లోపలి పొరలో కార్బన్ కలిసి ఉండాలి. మామూలు టెఫ్లాన్‌లో పెట్రోలు పారితే స్టాటిక్ విద్యుత్తు పోగై, నిప్పురవ్వ పొరని గుచ్చుకుని సూది మొనంత రంధ్రం పడొచ్చు.

మీ వర్క్‌షాపులో రబ్బరు హోస్‌కి మళ్లీ వాడే ఫిట్టింగులు బిగించి కట్టే ఏర్పాటు ఉంటే, నేర్చుకో. మంచి విద్య. హోస్‌ని ఫిట్టింగ్ బయటి భాగమైన సాకెట్‌లోకి ఎడమవైపు తిప్పుతూ చివర ఆనేవరకు పంపి, పావు చుట్టు వెనక్కి తీస్తారు. తరువాత ఫిట్టింగ్ లోపలి భాగమైన నిపుల్‌కి నూనె రాసి లోపలికి మర తిప్పుతారు, నట్టుకీ సాకెట్‌కీ మధ్య అంగుళంలో ముప్పైరెండో వంతు నుంచి పదహారో వంతు దాకా ఖాళీ మిగలాలి. అన్నీ బాగున్నట్టే ఉంటాయి. కానీ నిపుల్ లోపలికి వెళ్తూ రబ్బరు పొరని చెక్కితే, నాలుకలాంటి ముక్క ఒకటి లోపల వేలాడుతుంది. నూనె ఒకవైపు పారితే అది పక్కకి పడుకుంటుంది, ఇంకోవైపు పారితే లేచి దారి మూసేస్తుంది. ప్రెజర్ టెస్ట్‌లో ఇది పట్టుబడదు, ఎందుకంటే అక్కడ చూసేది లీకు. అందుకే మాండ్రెల్ (నిపుల్‌ని లోపలికి నడిపించే కడ్డీ) లేకుండా నిపుల్ పెట్టకూడదు. కట్టాక లోపల లైటు వేసి ఇటునుంచి అటు చూడాలి, వంపున్న హోస్ అయితే సరైన సైజు ఉక్కు బంతి వేసి దొర్లించాలి. తరువాత కడిగి, పనిచేసే ప్రెజర్‌కి రెట్టింపు పెట్టి పరీక్షించి, రెండు చివర్లకీ మూతలు వేసి, తేదీతో లోహపు ట్యాగ్ కట్టాలి. ఈ పరికరాలేవీ లేని చోట కట్టించడం కంటే రెడీమేడ్ అసెంబ్లీ కోసం వారాలు ఎదురుచూడటమే నయం. విమానం గ్రౌండ్ అయితే స్కూలుకి డబ్బు పోతుందని యాజమాన్యం టెన్షన్ పడుతుంది, పడనీ.

ఫైర్ స్లీవ్ విడిగా తొడిగేదైతే దాని చివర్లు చూడు. ఆ నారింజ రంగు సిలికాన్ పొర కింద ఉండేది గాజు నేత. కోసిన చివర్లని సిలికాన్‌తో సీలు చేయకపోతే ఆ నేత దీపం వత్తిలా నూనెని పీల్చుకుంటుంది. అప్పుడు మంట నుంచి కాపాడాల్సినదే మంటకి మేత అవుతుంది. చివర్లలో స్టెయిన్‌లెస్ స్టీలు బ్యాండు బిగించాలి, ప్లాస్టిక్ టైలు కాదు. మంట తగిలిన మొదటి నిమిషంలోనే ప్లాస్టిక్ కరిగిపోతే స్లీవ్ జారిపోయి హోస్ చివర బయటపడుతుంది. నువ్వు చెప్పిన నూనె చెమ్మ స్లీవ్ మీద కనిపించిందంటే, అది హోస్‌దేనా, పైనున్న ఇంకెక్కడి నుంచైనా కారి స్లీవ్ పీల్చుకుందా అన్నది ముందు తేల్చాలి. కడిగి, ఆరబెట్టి, కాసేపు ఇంజన్ నడిపి, టార్చ్ వేసి చూడు. కారేది పక్కనున్న ఫిట్టింగ్ నుంచో, రాకర్ కవర్ గాస్కెట్ నుంచో అయితే కొత్త హోస్ తెప్పించినా చెమ్మ అలాగే ఉంటుంది.

పాత హోస్ విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయి. ఫిట్టింగ్ మోకాలి వంపులు ఏ కోణంలో ఉన్నాయి, క్లాంపులు ఎక్కడున్నాయి, ఏ గొట్టం ఏ గొట్టం మీదుగా పోతోంది అన్నవన్నీ తెలియాలి. ఒకసారికి ఒకే హోస్ మార్చు. విప్పిన చోటల్లా వెంటనే మూతలు వేసెయ్. గుడ్డ కుక్కడం వద్దు, గుడ్డ పీచు ఆయిల్ లైన్లోకి పోతే దాన్ని బయటికి తీయడం ఇంకో పెద్ద పని. పెట్రోలు హోస్ అయితే ముందు ఫ్యూయల్ వాల్వ్ కట్టేసి, బ్యాటరీ విప్పి, అప్పుడు చెయ్యి పెట్టు.

పొడవు విషయంలో అందరూ పొరబడేది "నీటుగా ఉండాలి" అని బిగుతుగా లాగడం దగ్గర. ప్రెజర్ పడినప్పుడు హోస్ పొడవు 2 శాతం దాకా పెరగొచ్చు, 4 శాతం దాకా తగ్గొచ్చు. అందుకే రెండు చివర్ల మధ్య దూరం కంటే 5 నుంచి 8 శాతం పొడవు ఎక్కువ ఉండేలా తీసుకోవాలని చెబుతారు. దానికి తోడు ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. స్టార్ట్ చేసినప్పుడూ, ఆపినప్పుడూ అది ఎలా ఊగుతుందో కౌలింగ్ తీసి, ప్రొపెల్లర్‌కి దూరంగా పక్కన నిలబడి ఒకసారి చూడు. ఇంజన్ కదులుతుంది, ఫైర్‌వాల్ కదలదు, ఆ తేడా అంతా మధ్యనున్న హోస్ మింగాలి. బిగుతుగా ఉన్న హోస్ ఆ లాగుడంతా ఫిట్టింగ్ మెడ మీద పడేస్తుంది.

హోస్ మీద పొడవునా ఒక గీత ఉంటుంది. బిగించాక ఆ గీత తిన్నగా ఉండాలి, మెలితిరిగి కనిపించిందంటే హోస్ మెలిపడ్డట్టే. స్లీవ్ కింద గీత కనబడకపోతే, బిగించేముందు స్లీవ్ మీద మార్కర్‌తో నువ్వే గీసుకో. మెలి ఎందుకు పడుతుందంటే, నట్టు తిప్పేటప్పుడు హోస్ కూడా దానితో తిరుగుతుంది. అందుకే ఎప్పుడూ రెండు స్పానర్లు. ఒకటి హోస్ చివరనున్న షడ్భుజాన్ని పట్టుకోవాలి, రెండోది నట్టు తిప్పాలి. ఇరుకు చోట రెండో స్పానర్ పట్టదు, చెయ్యి దూరదు. అయినా సరే, దారి వెతకాలి.

హోస్‌కి ఆనుకునే ప్రతిదాన్నీ అనుమానించు. స్టీలు జాలీ పైకి కనిపించే హోస్ ఇంజన్ మౌంట్ ట్యూబుకి తగిలితే ట్యూబుని ఆకురాయిలా అరగదీస్తుంది. హోస్ మార్చడం సులువు, మౌంట్ బాగుచేయడం కష్టం. రబ్బరు మెత్త ఉన్న కుషన్ క్లాంపులు వాడు, రెండు క్లాంపుల మధ్య 24 అంగుళాలకి మించి వదలకు. ప్లాస్టిక్ టైతో హోస్‌ని మౌంట్ ట్యూబుకి కట్టేయడం మన దగ్గర బాగా అలవాటు. ఆ టై కింద దుమ్ము చేరి పెయింటు అరుగుతుంది, సముద్రపు గాలిలోని ఉప్పు దాని కింద కూర్చుంటుంది. విశాఖలాంటి ఊళ్లో ఆ టైలు కోసి చూస్తే కింద తుప్పు ఉంగరంలా కనిపిస్తుంది. ఫిట్టింగుల మీద కూడా ఆ ఉప్పు గాలి పనిచేస్తుంది. క్యాడ్మియం పూత మీద ముందు తెల్లటి పొడి వస్తుంది, తరువాత ఎర్ర తుప్పు. తెల్ల పొడి దశలో పట్టుకుంటే నయం. ఎగ్జాస్ట్‌కి ఎంత దూరం ఉండాలో మాన్యువల్ చెబుతుంది. అంత దూరం రాకపోతే హోస్‌ని వేరే దారిన తిప్పాలి, లేదా అక్కడ హీట్ షీల్డ్ ఉండాలి.

బిగింపు విషయానికొస్తే, టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) తప్ప వేరే దారి లేదు. ఒక ఉదాహరణ చెప్తాను. డాష్ 4 సైజులో అల్యూమినియం ట్యూబు ఫ్లేర్ నట్టుకి 40 నుంచి 65 ఇంచ్ పౌండ్లు, అదే ఉక్కు ట్యూబుకి 135 నుంచి 150. ఉక్కుకి అలవాటు పడ్డ చెయ్యి అల్యూమినియం ఫ్లేర్‌ని పిండి చేసేస్తుంది. హోస్ చివర్ల అంకెలు మళ్లీ వేరు, వాటి పట్టిక వాటికి ఉంది. సరైన టార్క్‌కి బిగించాక కూడా లీకైతే ఇంకాస్త బిగించకు. విప్పి కోన్ మీద గీత ఉందా, ఇసుక రేణువు ఉందా అని చూడు. 37 డిగ్రీల కోన్ మీద టేపుగానీ పేస్టుగానీ ఏమీ రాయకూడదు, అది లోహానికి లోహమే ఆనాలి. మర మీద మాత్రం కాస్త ఇంజన్ ఆయిల్ రాయొచ్చు. ఇంజన్ కేస్‌లోకి పోయే ఎన్‌పీటీ మరకి (చివరికి సన్నబడే పైపు మర) సీలింగ్ కాంపౌండ్ కావాలి, అదీ మొదటి మర వదిలేసి రెండోదాని నుంచి రాయాలి. తెల్ల టేపు అసలు వద్దు. దాని పోగులు ఇంజెక్టర్ దాకా ప్రయాణం చేస్తాయి.

ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఇంజన్ నుంచి ఆయిల్ ప్రెజర్ గేజ్‌కి పోయే లైన్ మొదట్లో ఉండే ఫిట్టింగ్‌లో కంత చాలా సన్నగా ఉంటుంది. ఆ లైను తెగినా ఇంజన్ నూనె అంతా ఒక్కసారిగా బయటికి పోకుండా అది ఆపుతుంది. పైకి చూస్తే మామూలు ఫిట్టింగ్‌లాగే ఉంటుంది. తుప్పు పట్టిందని దాన్ని తీసి స్టోర్స్‌లో ఉన్న ఇంకొకటి పెట్టేస్తే ఆ రక్షణ పోయినట్టే, పైగా గేజ్ మామూలుగానే చూపిస్తుంది.

అన్నీ అయ్యాక, ఆయిల్ కూలర్ హోస్ కాబట్టి నూనె కొంత పోయి ఉంటుంది, లెవెల్ సరిచేయి. కొద్ది నిమిషాలు నడిపి ఆపి, చల్లారాక చూడు. పెట్రోలు హోస్ అయితే ఇంజన్ నడపకముందే బూస్ట్ పంపు వేసి చూడాలి. 100ఎల్ఎల్ పెట్రోలు నీలం రంగులో ఉంటుంది, చెమ్మ ఆరినా నీలం మచ్చ మిగులుతుంది. ప్రెజర్ ఉండగా నట్టు మీద స్పానర్ పెట్టకు. బిగింపు సరిపోయిన నట్ల మీద టార్క్ సీల్ పెయింట్ గీత వేస్తే, తరువాతి తనిఖీలో కదిలిందో లేదో దూరం నుంచే తెలుస్తుంది.

స్టోర్స్‌లో స్పేర్ రబ్బరు హోస్‌లు ఉంచుకుంటే సీలు సంచిలోనే ఉంచండి. వెల్డింగ్ చేసే చోటుకీ, ఎలక్ట్రిక్ మోటార్లకీ దూరంగా పెట్టండి, ఆ నిప్పురవ్వల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరుని పగలగొడుతుంది. కొన్నప్పుడు ట్యాగ్ మీద రబ్బరు తయారైన తేదీ చూడండి. రెండేళ్లు ఎక్కడో గోదాములో పడుకుని వచ్చిన హోస్‌ని కొత్తదని రాసుకుంటే మోసపోయేది మీరే.

మీ స్కూల్లో రోటాక్స్ 912 పెట్టిన మైక్రోలైట్ కూడా ఉందన్నావు. దాంట్లో రబ్బరు భాగాలకి 5 ఏళ్ల గడువు ఉంటుంది, గంటలు తక్కువ నడిచినా సరే. ఇంకో సంగతి, ఆ ఇంజన్‌కి పెట్రోలులో ఇథనాల్ 10 శాతం దాకానే అనుమతి. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం కలిపినది. దాన్ని పోస్తే హోస్‌ల సంగతి అటుంచు, ఇంజన్ తయారీదారు చెప్పిన పరిధే దాటినట్టు. ఆ విషయం మీ ఏఎంఈతో విడిగా మాట్లాడు.

ఇక నువ్వు చేయాల్సింది. ఆయిల్ కూలర్‌కి పోయేది, వచ్చేది రెండు హోస్‌లూ ఒకే వయసువి అయి ఉంటాయి. చెమ్మ ఒకదాని మీదే ఉన్నా రెండూ కలిపి ఆర్డర్ పెట్టించు, మళ్లీ రెండు నెలలకి ఇదే ఎదురుచూపు తప్పుతుంది. పార్ట్స్ కేటలాగ్‌లో మీ విమానం సీరియల్ నంబరుకి ఏ పేజీ వర్తిస్తుందో చూసి ఆ నంబరే రాయించు, పాత హోస్ ట్యాగ్ మీద నంబరు చూసి రాయొద్దు, ఇంతకుముందు ఎవరైనా తప్పుది బిగించి ఉండొచ్చు. కొత్తవి వచ్చాక పాతవాటిని హాక్సా బ్లేడుతో నిలువునా కోసి, లోపలి పొర ఎలా ఉందో మీ ట్రైనీలకి చూపించి, ఆ ముక్కలు పారేయించు. కోయకుండా మూలన పెడితే, ఏదో ఒక రోజు అర్జెంటు అని ఎవరో ఒకరు అవి తీసి మళ్లీ విమానానికి బిగిస్తారు.